దాహమూ గాలమూ

భాగవతం పదకొండో స్కంధంలో ఒక అవధూత యదుమహారాజుకు తన గురువుల గురించి చెబుతాడు. ఇరవై నలుగురు గురువులు. భూమి, గాలి, కొండచిలువ, తుమ్మెద, పింగళ అనే వేశ్య. ఆ వరసలో చేప కూడా ఒకటి. ఎర రుచికి ఆశపడి గాలం మింగి ప్రాణం పోగొట్టుకుంటుంది కనక, నాలుక విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండాలో చేప దగ్గర నేర్చుకున్నానంటాడు. అక్కడితో ఆగడు. తిండి మానేసినవాడికి తక్కిన ఇంద్రియాలన్నీ చప్పున లొంగిపోతాయనీ, నాలుక మాత్రం లొంగకపోగా మానేసినకొద్దీ ఇంకా రెచ్చిపోతుందనీ అంటాడు.

నేను హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. మన తెలుగు భాగవతంలో ఈ స్కంధం పోతన చేతిది కాదు, వెలిగందల నారయది అని పిల్లలకు ఏటా చెప్పేవాణ్ణి. చెబుతున్నంతసేపూ మనసులో ఓ మూల లాకుల దగ్గరి రేవు మెదులుతుండేది. బడి వదలగానే కర్ర పట్టుకుని అక్కడికే పోయేవాణ్ణి మరి. చిన్నప్పటినుంచీ గాలం వేటంటే నాకు ప్రాణం. అవధూత కథలో దారానికి ఒక కొసన చేప ఉంటే రెండో కొసన నేనుండేవాణ్ణి.

ఇప్పుడు కర్ర అటక మీద ఉంది. నా మూత్రపిండాలు రెండూ పనిచెయ్యడం మానేశాయి. వారానికి మూడు రోజులు, పూటకి నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. ఎడమ చేతికి ఫిస్టులా వేశారు. ధమనినీ సిరనూ కలిపి కుట్టి, చర్మం కిందే రక్తం జోరుగా పారేలా చేశారన్నమాట. ఆ చేత్తో బరువెత్తకూడదు, దానికి దెబ్బ తగలకూడదు. మిషన్లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కనక ఆ రోజు గాలపు ముల్లు వేలికి గుచ్చుకున్నా రక్తం ఓ పట్టాన ఆగదు. సూదులు దిగిన చోటికి కాలువ బురద తగిలితే చీము పట్టొచ్చు. ఇంటికొచ్చాక లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. అలాంటివాడు పాచి పట్టిన రేవు మెట్ల మీద ఏం నిలబడతాడు? ఇవన్నీ డాక్టరుగారు ఒక్కొక్కటే చెప్పారు. మా ఆవిడ పక్కనే కూర్చుని వింది. అడ్డు చెప్పడానికి నాకేమీ కనబడలేదు.

గాలంతోపాటు నీళ్ళకీ కట్టడి వచ్చింది. రోజుకి లీటరు లోపు. మాత్రలు మింగడానికి తాగిన గుక్క, కాఫీ, మజ్జిగ, చారు అన్నీ ఆ లీటర్లోకే లెక్క. అంటే ఒకే ఒంట్లో రెండు లేములు పక్కపక్కన చేరాయి, ఒకటి నాలుకది, ఒకటి గాలానిది. లేనిదాని మీద ఆశ అంతా ఒకటే జాతా, మానేసినకొద్దీ పెరగడమే ఆశ స్వభావమా అన్నది పాత ప్రశ్న. పుస్తకాల్లో చదువుకున్నప్పుడు నాకు అది తేల్చుకునే దారి లేదు. ఇప్పుడు రెండూ నాలోనే ఉన్నాయి కనక పక్కన పెట్టి చూడగలుగుతున్నాను.

ముందు దాహం సంగతి. పొద్దున్నే మా ఆవిడ ఒక సీసాలో నీళ్ళు కొలిచి బల్ల మీద పెడుతుంది. మధ్యాహ్నానికి అందులో సగం మిగలాలి. గోదావరి జిల్లాల్లో మే నెల ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంటి ముందు కొబ్బరిచెట్టుంది, బోండాం తాగకూడదు, పొటాషియం. అరటిపండు కూడా అంతే. నాలుక అంగిటికి అతుక్కుపోతుంటే ఒక ఐసుముక్క నోట్లో వేసుకుని కదపకుండా ఉంచుతాను. అది కరిగిపోయాక అంతకుముందుకంటే ఎక్కువ దాహం వేస్తుంది. ఈ దాహానికి ఊరూ పేరూ లేవు. ఫలానా బావి నీళ్ళు, ఫలానా కుండ నీళ్ళు అని అడగదు. తడిగా ఉన్నది ఏదైనా దానికి చాలు. అవతలివాడు గ్లాసెత్తితే వాడి గొంతు కదలడం తప్ప వాడి మొహం కనబడదు నాకు. ఉప్పు తగ్గిస్తే కొంచెం నయం, అంతే. నెలలు గడిచాయి, అది ఒక్క రవ్వ కూడా తగ్గలేదు. అవధూత అన్నది అక్షరాలా నిజం.

అలాగని చేప మీద ఆశ కూడా నాలుకదే అనుకుంటే లెక్క కుదరదు. చేప తినడానికి నాకేం అడ్డు లేదు. డయాలసిస్ మనిషికి మాంసకృత్తులు కావాలి, గుడ్డు తెల్లసొన తినండి, చేప తినండి అని డాక్టరుగారే చెప్పారు. ఉప్పుచేప ఒక్కటే వద్దన్నారు. చింతపండూ పులుసూ పడవు కనక మా ఆవిడ కొరమీను ముక్కలు తక్కువ ఉప్పుతో వేపి పెడుతుంది. కడుపునిండా తింటాను, బావుంటుంది. తిని చెయ్యి కడుక్కుంటుంటేనే కాలువ మీదికి గాలి మళ్ళినట్టుంది, ఈపాటికి లాకుల కింద నీళ్ళు ఎలా ఉన్నాయో అనిపిస్తుంది. కంచంలో చేప ఉండగానే ఆ ఆశ కదులుతోందంటే దానికీ నాలుకకీ సంబంధం లేదనే నేను తేల్చుకున్నాను.

ఇంతకుముందు కూడా గాలం పక్కన పెట్టిన రోజులున్నాయి. మా ఇంట్లో కార్తీకమాసం నీచు ముట్టరు, నేనూ గాలం ముట్టేవాణ్ణి కాదు. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తే జూన్‌లో నీళ్ళు వదిలేదాకా ఎలాగూ వేట లేదు. అటు నరసాపురం వైపు సముద్రం మీద బతికేవాళ్ళకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరపడవల వేట నిషేధం. 61 రోజులు వాళ్ళు ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటారు, పడవలకి మరమ్మతులు చేయించుకుంటారు. వాళ్ళది కూటికి సంబంధించిన బాధ, నాది సరదాకి సంబంధించినది, రెంటినీ ఒక గాటన కట్టడం అన్యాయం. కానీ వాళ్ళ ఆగడానికీ నా కార్తీకానికీ ఒక పోలిక ఉంది. రెంటికీ అవతలి గట్టు ఉంది. మార్గశిరం వస్తుందని తెలిసి మానడాన్ని నేను నిగ్రహం అనుకునేవాణ్ణి. అది చాలావరకు ఎదురుచూపే. తేదీ లేకుండా మానాల్సి వచ్చినప్పుడే మనిషి దగ్గర నిజంగా ఏముందో బయటపడుతుంది.

మాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒకాయన ఇప్పుడు గీత క్లాసులకి వెళ్తున్నారు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, మిషను మీద నాలుగు గంటలు ఏం చేస్తారు మాస్టారూ అని అడిగారు. కళ్ళు మూసుకుని లాకుల దగ్గర గాలం వేస్తుంటానండీ అన్నాను. ఆయన కాస్త ఆలోచించి, మూడో అధ్యాయంలో ఉంది కదండీ, చేతులూ కాళ్ళూ కట్టిపెట్టుకుని మనసులో విషయాల్ని తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి మిథ్యాచారుడన్నారు కదా అన్నారు. ప్రేమగానే అన్నారు. నేను మాత్రం ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. నేను చేతులు కట్టిపెట్టుకోలేదు, అవి కట్టుబడ్డాయి. వైరాగ్యం నటించడమూ లేదు. అయినా ఆ శ్లోకంలో రెండో మాట, మనసుతో తలుచుకోవడం అన్నది, నాకు తగులుతుంది. తగిలినప్పుడు దాన్ని పక్కకి నెట్టెయ్యడం సరికాదు.

తలుచుకోవడం ఒకటే రకంగా ఉండదని నాకు అనుభవం మీద తెలిసింది. ఒక రకంలో, గాలం వెయ్యగానే పడుతుంది. బెండు బుడుంగున మునుగుతుంది, కర్ర వంగుతుంది, ఇంత పొడుగు వాలుగ నీళ్ళమీద తోక కొడుతుంది. వెంటనే ఇంకోటి, దానికంటే పెద్దది. నాలుగు గంటలూ ఇలా గడిపి లేస్తే ఒళ్ళంతా చిరాకు. ఆటోలో మా ఆవిడ ఏదో అడిగితే కసురుకుంటాను. ఐసుముక్క కరిగాక ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. ఈ తలపు దాహానికి తోబుట్టువు. గీత దీన్నే అన్నదంటే నాకేం అభ్యంతరం లేదు.

రెండో రకానికి నేనొక నియమం పెట్టుకున్నాను. జరిగినదే తలుచుకోవాలి, లేని చేపను గాలానికి తగిలించకూడదు. ఒక ఉదయం, ఒక చోటు పట్టుకుని వరసగా నడవాలి. లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు సన్నగా చిమ్ముతుంటాయి. వాటి కింద నురగ తిరుగుతూ గోడకి కొట్టుకుని విడిపోతుంది. గోడకి ఎడంగా, సుడికీ పారే నీటికీ మధ్య బల్లపరుపుగా, కదలనట్టుండే ఒక పట్టీ ఉంటుంది. పారే నీటిలో కొట్టుకొచ్చే తిండి అక్కడ నెమ్మదిస్తుంది కాబట్టి చేపలు ఆ అంచున కాచుకుంటాయి. గుర్రపుడెక్క గుత్తి ఒకటి వచ్చి ఆ పట్టీలో చిక్కి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ పారేనీట్లో పడిపోతుంది. పరిగెలు వచ్చాయంటే బెండు వణుకుతుంది గానీ మునగదు, ఎరను గిల్లి గిల్లి ఖాళీ ముల్లు మిగులుస్తాయి. జెల్ల టకటక కొడుతుంది. గొరక పక్కకి లాక్కుపోతుంది. కొరమీనుకి కప్పపిల్లను ఎర వేస్తే నోట కరుచుకుని కాసేపు ఊరకే ఉంటుంది. అప్పుడు గుంజితే వదిలేస్తుంది, మింగేదాకా ఓపిక పట్టాలి. కొరమీనూ గొరకా గాలి కోసం పైకి రావాల్సిందే, నీళ్ళలో ఆక్సిజనొక్కటే వాటికి చాలదు. పైకి వచ్చినప్పుడు చిన్న చప్పుడు, ఒక బుడగ. ఆ బుడగ ఎక్కడ లేచింది, మళ్ళీ ఎంతసేపటికి లేచింది అన్నది చూస్తే కింద అది ఎటు నడుస్తోందో తెలుస్తుంది.

ఇలా నడిచినప్పుడు నేను ఎంత చూశానో నాకే ఆశ్చర్యం వేసింది. ఏ చేపా పడని ఉదయాలే ఎక్కువ గుర్తున్నాయి. లకుముకి పిట్ట కూర్చునే కొమ్మ మీద ఎండ ఎప్పుడు పడేదో చెప్పగలను. ఇలా గడిపి లేచిన రోజు చిరాకు ఉండదు, రెండోది కావాలనిపించదు. ఆటోలో మా ఆవిడ మాట వినబడుతుంది. ఏ తలపు మిథ్యాచారమో ఏది కాదో తేల్చడానికి పెద్ద శాస్త్రం నా దగ్గర లేదు. అది వదిలిపోయాక మనిషి పక్కవాళ్ళతో ఎలా ఉన్నాడన్నదే నేను చూసుకుంటున్న గుర్తు.

నాకు గాలం నేర్పింది మా మేనమామ. చదువుకున్నవాడు కాదు, గుడికి కూడా పండక్కి తప్ప వెళ్ళేవాడు కాదు. నేను బెండు మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంటే, "ఒరేయ్ అబ్బాయ్, బెండు చూడకురా, నీళ్ళు చూడు. బెండు దానంతటదే కనబడుద్ది," అనేవాడు. ఆయనకి రెండు నియమాలుండేవి. కొరమీను పిల్లలు ఎర్రగా గుంపుగా నీటిపైకి వచ్చి తిరుగుతుంటాయి, కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యలో గాలం వేస్తే పిల్లల్ని కాపాడుకోడానికి పెద్దది కసిగా మీద పడుతుంది, తేలిగ్గా దొరుకుతుంది. చాలామంది అలాగే పడతారు. మా మావయ్య పట్టనిచ్చేవాడు కాదు. రెండో నియమం, ఆ రోజు పడిన మొదటి చేపను నీళ్ళలో వదిలెయ్యాలి. ఎందుకు మావయ్యా అంటే, "అది నీది కాదు," అనేవాడు. ఎవరిదో చెప్పేవాడు కాదు.

చాలా ఏళ్ళ తర్వాత అరవై ముగ్గురు నాయనార్ల కథలు చదువుతుంటే అతిపత్త నాయనారు తగిలాడు. నాగపట్నం జాలరి. వలలో పడ్డ మొదటి చేపను శివుడిదని రోజూ సముద్రంలో వదిలేవాడు. కొన్నాళ్ళకి కరువొచ్చి రోజుకి ఒక్క చేపే పడసాగింది. ఆ ఒక్కటీ మొదటిదే కదా, వదిలేసి ఖాళీ చేతులతో ఇంటికొచ్చేవాడు. చివరికి బంగారంతో రత్నాలతో మెరిసే చేప పడితే దాన్నీ వదిలాడు, అప్పుడు శివుడు కనబడ్డాడు. ఈ కథలో అందరూ త్యాగం చూస్తారు. నేనూ అదే చూసేవాణ్ణి. ఇప్పుడు నాకు కనబడేది ఇంకొకటి. ఆ ఒక్కటీ తనకి మిగలదని తెలిసీ మర్నాడు తెల్లవారుజామున పడవ తోసుకుపోయాడు. ఫలం చేతికి రాదని ఖాయమైనా ఆ మనిషికి వేట మీద మనసు విరగలేదు. నాలుక ఆశ అయితే వారంలో చచ్చిపోవాలి, లేదా అతన్ని దొంగని చెయ్యాలి. రెండూ కాలేదంటే వేటలో చేపతో తీరని భాగం ఒకటి ఉందన్నమాట. నాకు ఇప్పుడు మిగిలింది ఆ భాగమే. పోయింది ఎంతో ఉంది గానీ ఇది పోలేదు.

దీన్ని నిలుపుకోవడం కష్టం. మా మనవడు తొమ్మిదో క్లాసు. ఒక ఆదివారం డయాలసిస్ పడింది. వాడు లాకుల దగ్గరికి వెళ్ళి వీడియో కాల్ చేశాడు. ఫోను గట్టు మీద నిలబెట్టి గాలం వేశాడు. నేను ఇక్కడ పడుకుని చెబుతున్నాను, కొంచెం ఎడమకి వెయ్యి నాన్నా, ఆ పట్టీలోకి, ఆఁ, అక్కడ. బెండు ఊగింది. "తాతయ్యా, ఎత్తనా?" "ఉండు, ఉండు... ఇప్పుడెత్తు! ఎత్తరా!" అని నా కుడిచెయ్యి గుంజింది, దాంతోపాటు సూదులున్న ఎడమచెయ్యీ కదిలింది, మిషను కుయ్యోమని మొత్తుకుంది. టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి చెయ్యి సర్ది, నా మొహంలోకి చూసి, ఏమీ అనకుండా వెళ్ళాడు.

పక్క మంచం మీద ఒక భాయిగారు ఉంటారు, బియ్యం వ్యాపారం. మా ఇద్దరివీ ఒకటే రోజులు. ఆయన నవ్వలేదు. కాసేపయ్యాక, "మాస్టారూ, మా ఖురాన్‌లో చేపలు పట్టేవాళ్ళ సంగతి ఒకటుంది," అని మొదలుపెట్టారు. అల్ ఆరాఫ్ అధ్యాయంలోది. సముద్రం ఒడ్డున ఒక ఊరు. వాళ్ళకి శనివారం పని చెయ్యకూడదని దేవుడి కట్టడి. సరిగ్గా శనివారం నాడే చేపలు నీటిమీద బారులు తీరి కనబడేవి, మిగతా రోజుల్లో అటు రావు. అది పరీక్ష. కొందరు ఓర్చుకోలేకపోయారు. శుక్రవారమే గుంటలు తవ్వి కాలవ కలిపేవాళ్ళనీ, శనివారం చేపలు అందులో చిక్కితే ఆదివారం పట్టుకునేవాళ్ళనీ, శనివారం మేమేం పట్టలేదు కదా అనేవాళ్ళనీ పెద్దలు చెబుతారట. "మీరు కూడా మనవడి చేత గుంట తవ్విస్తున్నట్టుంది మాస్టారూ," అన్నారు భాయిగారు.

ఆ మాట నాలో చాలా రోజులు తిరిగింది. డయాలసిస్‌కి వెళ్ళే దారి కాలువ వంతెన మీంచే. ఆటో వంతెన దాటే ఆ కాస్తసేపట్లో నీళ్ళకేసి చూస్తాను. నేను దిగలేని రోజునే అక్కడ చేపలు ఎగురుతుంటాయి, ప్రతిసారీ. ఆ ఊరివాళ్ళ శనివారం నాకు బాగా అర్థమవుతుంది. వాళ్ళు గాలం వెయ్యకపోవడం ఒకటే అడిగాడు దేవుడు, చూడొద్దనలేదు. చేపలు కళ్ళెదుటికి వచ్చింది కూడా చూడ్డానికేనేమో. కోరకుండా ఒక్క రోజు చూడగలరా అన్నదే ఆ పరీక్షేమో. పండితులు ఇలా చెబుతారని నేననను, కాలువ దాటేటప్పుడు నాకు తోచింది ఇది.

అప్పటినుంచి మనవణ్ణి ఫోను చెయ్యొద్దన్నాను. వెళ్ళమన్నాను, వచ్చాక ఏం చూశావో చెప్పమన్నాను. ఏం పట్టావని మాత్రం నేను అడగను. మొదట్లో వాడికి ఏం చెప్పాలో తెలిసేది కాదు. మొన్న వచ్చి, "తాతయ్యా, తూము పక్కన కొరమీను పిల్లలు ఎర్రగా ఇంత గుంపు. కింద పెద్దది తిరుగుతోంది. నీళ్ళు ఉబ్బినట్టు కనబడింది. గాలం వెయ్యకుండా వచ్చేశా," అన్నాడు. మా మావయ్య నియమం వాడికి ఎప్పుడో చెప్పి ఉంటాను. నీళ్ళు ఉబ్బినట్టు కనబడుతుందని మాత్రం నేను చెప్పలేదు, వాడే చూశాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

పోనీలెండి, ఆ పాపం చెయ్యకుండా దేవుడు తప్పించాడు అన్న బంధువులున్నారు. వాళ్ళు మంచి మనసుతో అన్నారని నాకు తెలుసు. కానీ చెయ్యలేక మానడంలో పుణ్యం ఎక్కడుంది? కాళ్ళు పడిపోయినవాడు దొంగతనానికి వెళ్ళకపోతే అది నిజాయితీ కాదు. మహాభారతంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముతూనే కౌశికుడికి ధర్మం బోధించాడు. తన వృత్తిలో హింస లేదని అతను బుకాయించలేదు. సూదులు గుచ్చేటప్పుడు ఇప్పుడు మీరే చేపయ్యారు మాస్టారూ అన్నవాళ్ళూ ఉన్నారు. ఈ పోలిక నాకు సుతరామూ ఇష్టం లేదు. ఆ సూది నేను బతకడానికి గుచ్చేది, నొప్పిగా ఉందా అని అడిగి గుచ్చుతారు. చేపని ఎవరూ అడగలేదు. నేను కూడా గాలానికి తగులుకున్నాను అని ఒప్పేసుకుంటే చేపలకి నా బాకీ చెల్లయిపోయినట్టవుతుంది. చెల్లలేదు. రేపు ఎవరైనా మూత్రపిండం ఇచ్చి నేను మళ్ళీ రేవులో కూర్చుంటే గాలం వేస్తానా అంటే, వేస్తాను. ఆ రోజు ఇంట్లో వండుకునేదానికి మించి ఒక్కటి కూడా పట్టను.

నా వాదంలో ఒక చిక్కు ఉంది, అది సౌభరి. ఉత్తి చూపు బంధించదని నేనంటున్నాను కదా. సౌభరి మహర్షి యమున నీళ్ళ అడుగున మునిగి తపస్సు చేసుకుంటున్నాడు. గాలం లేదు, వల లేదు. పైగా చేపల మీద జాలితో గరుత్మంతుడినే ఆ మడుగు దగ్గరికి రావద్దని శపించినవాడు. అంతటివాడు ఒక చేప తన ఆడచేపతో ఆడుకోవడం చూశాడు, అంతే. తపస్సు వదిలి మాంధాత కూతుళ్ళు యాభైమందినీ పెళ్ళాడాడు. కాపురాలన్నీ చేశాక, నీళ్ళలో ఒక జంతువు సాంగత్యం వల్ల ఇంత పోగొట్టుకున్నానే అని ఏడ్చాడు. చూడ్డమే అతన్ని ముంచింది. నేను చూడ్డాన్నే పట్టుకుని వేలాడుతున్నాను.

ఎన్నిసార్లు చదివినా నాకు అనిపించేది, సౌభరి చేపని చూసింది ఒక్క క్షణమే. ఆ వెంటనే తనని చూసుకున్నాడు, నాకు ఇది లేదే అనుకున్నాడు. చేప అక్కడితో కనబడ్డం మానేసింది. ఇంకాసేపు దాన్నే చూసి ఉంటే? అది ఎటు తిరిగింది, మొప్పలు ఎలా ఆడాయి, గడ్డి మీద ఎలా మేసింది అని చూస్తూ ఉండిపోతే? చేప ఒక గురువే అయ్యుండేది. ఇది నా ఊహ, సౌభరి ముందు నేనెంత. మంచం మీద రెండు రకాల తలపులూ పడ్డవాణ్ణి కనక ఈ తేడా నాకు మాటల్లోది కాదు. తలపు చేపనుంచి నా వైపు తిరిగిన క్షణం నాకు తెలుస్తుంది, గొంతు ఎండుతుంది.

ఇంత చెప్పాక కూడా ఒకటి మిగిలింది. నిద్రలో నా కుడి మణికట్టు గుంజుతుందట. మా ఆవిడ చెబుతుంది. ఏ కలా గుర్తుండదు, చెయ్యి మాత్రం ఒక్కసారి పైకి లేచి పడుతుందట, బెండు మునిగినప్పుడు కర్ర ఎత్తే గుంజుడే అది. నియమాలు పెట్టుకున్నది మేలుకున్న మనసుకి, దీనికి అవేవీ తెలియవు. గీత రెండో అధ్యాయంలో ఉన్నది దీని గురించేనని నాకు నమ్మకం. నిరాహారుడికి విషయాలు దూరమవుతాయి గానీ వాటి మీది రుచి దూరం కాదు. పరమాత్మ దర్శనమైతే ఆ రుచి కూడా పోతుందంటాడు కృష్ణుడు. పోతుందన్నది కష్టపడితే కాదు, దర్శనమైతేనట. ఇక్కడ నా ప్రయత్నానికి పనిలేదు. అది కొంచెం భయం, కొంచెం ఊరట.

భాయిగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు పైకప్పుకేసి చూసి, "అది మీది కాదు మాస్టారూ, చేతిది. అలవాటు. దానికి పాపమూ లేదు, పుణ్యమూ లేదు," అన్నారు. నేను ఒప్పుకోలేదు. పనిలేకుండా ఇన్నాళ్ళున్న చెయ్యి, నా ఆశ లేకపోతే ఎప్పుడో మరిచిపోయేది కదా అన్నాను. మరి మీ మావయ్య చేతికి కూడా చివరిదాకా ఆ గుంజుడు ఉండే ఉంటుంది, ఆయన్ని కూడా ఆశపోతనే అంటారా అని అడిగారు. దానికి నా దగ్గర వెంటనే జవాబు రాలేదు. ఈలోగా ఆయన మిషను టైము అయిపోయింది. సూదులు తీసి, దూది అదుముకుని లేస్తూ, గురువారం మాట్లాడుకుందాం మాస్టారూ, ఆలోచించి రండి అన్నారు.